వాకిట్లో లైటు ఎవరు వెయ్యమన్నారు?

డెల్ఫా స్టిడమ్ కౌంటీ ఆఫీసు మెట్లెక్కుతోందని తెలియగానే లోపల అందరికీ ఏవో పనులు గుర్తొచ్చేవి. పన్నుల గుమాస్తా కాఫీకి లేచేవాడు. రోడ్ల గుమాస్తాకి ఎన్నడూ లేనిది రోడ్లు చూసి రావాలనిపించేది. మిగిలేది రికార్డుల కిటికీ దగ్గర ట్వైలా ఒక్కతే. ఆమె వెనక గోడ, పక్కన ఇనప బీరువాలు. పారిపోదామన్నా ఉన్న ఒక్క దారీ డెల్ఫా నిలబడ్డ వైపే ఉంది.

టాలివర్ కౌంటీలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా, ఏ టేపు వినాలన్నా ఆ కిటికీకే రావాలి. నువ్వెవరు, నీకెందుకు అని అడిగే హక్కు ట్వైలాకి లేదు. ఉన్నది ఇవ్వాలి, లేనిది లేదని రాసి కింద సంతకం పెట్టాలి. చట్టం అంతవరకే. ఇన్నేళ్ళ నౌకరీలో ఆ చట్టం ఆమెకి కాళ్ళకున్న చెప్పుల్లా అలవాటైపోయింది. డెల్ఫా మొగుడు బర్చెల్ స్టిడమ్ పోయాకే ఆ చెప్పులు కరవడం మొదలుపెట్టాయి.

"రా పిన్నీ, కూర్చో. ఎండన పడి వచ్చావు" అంది ట్వైలా. మా కౌంటీలో రెండు తరాలు వెనక్కి వెళ్తే అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. డెల్ఫా ఆమెకి వరసకి పిన్ని.

"కూర్చోడానికి మీ ఆఫీసే దొరికిందా నాకు?" అంది డెల్ఫా. చర్చిలో పంచే అట్ట విసనకర్రతో మొహం మీద విసురుకుంటూ, రెండో చేత్తో కాగితం కిటికీలోకి తోసింది. "పోయినసారి 'మా ఆయన చేసిన ఫోను' అని రాసిచ్చాను. లేదన్నావు. ఈసారి 'మా ఇంటి నుంచి వచ్చిన ఏ ఫోనైనా' అని రాశాను. మా కుక్క చేసినా సరే, ఆ టేపు నాకు కావాలి."

"ఆ రోజు 911 కి వచ్చిన ప్రతి ఫోనూ నేనే కూర్చుని విన్నాను పిన్నీ. మీ లోయ నుంచి ఒక్కటి కూడా లేదు."

"చెరిపేశారేమో."

"చెరపడానికి వీల్లేదు. ఆ మిషను ఒప్పుకోదు."

"మిషను ఒప్పుకోకపోతే మనుషులు ఒప్పుకోరా?"

డెల్ఫా మోచేతులు కిటికీ చెక్క మీద ఆనించి, చిన్నపిల్లకి చెప్పినట్టు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"విను. ఆ రోజు నేను మా అక్క వాళ్ళింట్లో బీన్సు కాయలు గిల్లి సీసాలకెత్తుతున్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ కాస్తోంది. వాకిట్లో లైటు వెలుగుతోంది. పట్టపగలు! కరెంటు దండగని ఆ మనిషి చీకటి పడ్డాక కూడా ఆ లైటు వెయ్యనిచ్చేవాడు కాదు. కుక్కని పొగాకు కొట్టంలోకి తోలి గడియ పెట్టాడు. వీధి తలుపు బార్లా తీసి పెట్టాడు. తను ఫోను కింద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, రిసీవరు ఒళ్ళో పెట్టుకుని. గుండె పట్టుకుని విలవిల్లాడే మనిషి, ఎవరూ చెప్పకుండా లేచి కుక్కని కట్టేసి లైటు వేస్తాడా? ఎవరో చెప్పారు. వస్తున్నాం, లైటు వెయ్యి అన్నారు. అని, రాలేదు. ఎవరే వాళ్ళు?"

ట్వైలాని నోటికి అలవాటైన మాటే ఆదుకుంది.

"ప్రశ్నలకి జవాబు చెప్పమని చట్టంలో లేదు పిన్నీ. రికార్డు ఉంటే ఇవ్వడమే. లేని రికార్డు తయారు చేసి ఇవ్వక్కర్లేదు కూడా."

"నిన్ను అడుగుతోంది చట్టం కాదే, నేను."

డెల్ఫా మనసులో ఏముందో ఆఫీసులో అందరికీ తెలుసు. ఆపదలో అంబులెన్సుని పిలవడానికి ఈ 911 నంబరు పెట్టినప్పుడు కౌంటీవాళ్ళు బండ్లకి దారి తెలియడం కోసం ప్రతి కొండదారికీ పేరు పెట్టారు. తాతల నాటి నుంచి స్టిడమ్ లోయ అయినదాన్ని, ఏ పుణ్యాత్ముడి బుర్రలో పుట్టిందో గానీ, బ్లూబర్డ్ దారి చేశారు. బర్చెల్ ఆ బోర్డుని ట్రాక్టరుకి కట్టి పీకి, తెచ్చి ఇదే కిటికీ ముందు పడేశాడు. తన లోయని ఆ పేరుతో పిలిచేవాళ్ళ నంబరుకి చచ్చినా ఫోను చెయ్యనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. ప్రాణం మీదికొచ్చి ఆయన ఒట్టు దిగమింగి ఫోను చేస్తే, పాత కక్షతో వీళ్ళు బండి పంపలేదని డెల్ఫా నమ్మకం. అందుకే టేపు మాయం చేశారని.

"మీ ఆఫీసు మీద పై ఆఫీసుకి రాసుకుంటాను" అని డెల్ఫా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

లైటు వెయ్యమన్నది ఎవరో ట్వైలాకి తెలుసు. రోజూ మధ్యాహ్నం ఇంటికెళ్ళి ఆవిడకి మజ్జిగలో మొక్కజొన్న రొట్టె చిదిపి పెడుతుంది.

మా కౌంటీలో 911 రాకముందు రోగుల్ని మోసింది చావులబండే. శవాల్ని సాగనంపే దుకాణంవాళ్ళకి పొడుగాటి కారొకటి ఉండేది. ప్రాణం ఉంటే ఆసుపత్రికి, పోతే అటునుంచటే, ఒకే బండి, ఒకే డ్రైవరు అని జనం నవ్వుకునేవాళ్ళు. ఆ బండి కోసం వచ్చే ఫోన్లకి పలికేది ట్వైలా తల్లి ఓర్లీనా, తన వంటింట్లోంచి. దుకాణంవాళ్ళు ఆమె ఇంటి నంబరునే క్యాలెండర్ల మీదా, చర్చిలో పంచే విసనకర్రల మీదా అచ్చు వేయించారు. కాన్పులూ, పాముకాట్లూ, గనిలో కూలిన కప్పులూ అన్నీ ముందు ఆ వంటింటికే వచ్చేవి. సొంత మనవల పేర్లు తడబడే ముసలివాళ్ళు కూడా ఆ నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు.

ఓర్లీనా చెప్పే మాటలు ఎప్పుడూ అవే. ఎవరికి బాగాలేదు నాయనా? బండి బయలుదేరింది. ముందు వాకిట్లో లైటు వెయ్యి, ఏ ఇల్లో తెలియాలి. కుక్కని కట్టెయ్యి. తలుపు తీసి పెట్టు. నేను ఫోను పెట్టను, నువ్వూ పెట్టకు. పగలైనా రాత్రైనా లైటు మాట మానేది కాదు. ఊరికే కూర్చోబెడితే మనిషి భయంతోనే పోతాడు, చేతికో పని చెప్పాలి అనేది.

కౌంటీ 911 పెట్టాక చావులబండి చావులకే మిగిలింది. ఆ నంబరు కూడా పోయిందనే అందరూ అనుకున్నారు. కానీ అది ఓర్లీనా సొంత ఇంటి ఫోను, ఎక్కడికి పోతుంది? ఇప్పుడు ఆమెకి పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఒక్కోరోజు కూతుర్ని చూసి 'నువ్వెవరి అమ్మాయివి తల్లీ' అంటుంది. ఫోను మోగితే మాత్రం నడుం నిటారుగా అవుతుంది. కారు ఇన్సూరెన్సు అమ్మేవాడు చేసినా 'ఎవరికి బాగాలేదు నాయనా?' అనే అడుగుతుంది. పాపం, వాడూ కాస్త తన నడుం నొప్పి చెప్పుకుని పెట్టేస్తాడు. ట్వైలా అది చూసి నవ్వుకునేది.

బర్చెల్ పోయిన రోజు మధ్యాహ్నం ట్వైలా ఇంటికి వెళ్ళేసరికి తల్లి రిసీవరు చెవికి పెట్టుకునే కూర్చుని ఉంది.

"స్టిడమ్ లోయకి బండి పంపానే" అంది తల్లి. "ఆయన మాట్లాడ్డం మానేశాడు. ఇంకా చేరలేదంటావా?"

"చేరుంటుందిలే అమ్మా" అని ట్వైలా రిసీవరు తీసుకుని గోడకి తగిలించింది. గ్లాసులో రొట్టె చిదిపి, మజ్జిగ పోసి, స్పూను చేతికిచ్చింది. అంతకు ముందు రోజు తల్లి ఎప్పుడో మూతపడ్డ గనికి బండి పంపింది. దాని ముందు రోజు, తన మొగుడికే పంపింది, ఆయన పోయి ఎన్నేళ్ళో అయింది. ఏ కూతురు మాత్రం పట్టించుకుంటుంది? తల్లి బయటికి వెళ్ళిపోకుండా పెరటి తలుపుకి పైన వేయించిన గడియ సరిచూసుకుని ట్వైలా ఆఫీసుకి వచ్చేసింది.

మర్నాడు బర్చెల్ కబురు ఆఫీసుకి వచ్చినప్పుడు ఆమె బీరువాలో కాగితాలు సర్దుతోంది. వాకిట్లో లైటు వెలుగుతోందట, కుక్కని కట్టేశాడట అని ఎవరో చెబుతుంటే, విన్నది ఒక్కొక్కటే తల్లి గొంతులో వినిపించింది.

ఆ సాయంత్రమే గోడలోంచి ఫోను తీగ పీకేసింది. తల్లి మూగ రిసీవరు చెవికి పెట్టుకుని, "లైన్లో ఎవరో ఉన్నారే, నాకే వినపడ్డం లేదు, ఎవరో చచ్చిపోతున్నారే" అని ఏడుస్తూ అన్నం కూడా ముట్టలేదు. ట్వైలా మళ్ళీ తీగ పెట్టేసింది. పెట్టాక ఫోను ఎప్పుడు మోగినా ఆమె పైప్రాణాలు పైనే పోయేవి.

చెబితే ఏమవుతుందో ఆలోచించని రోజు లేదు. మతి లేని మనిషిని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్తున్నావా అని ప్రభుత్వంవాళ్ళు వస్తారు. కొండ అవతల ముసలివాళ్ళ ఆశ్రమంలో పడేస్తారు. అక్కడ తల్లికి చుట్టూ మనుషులుంటారు గానీ ఫోను ఉండదు. ఇవన్నీ నిజమే. కానీ ట్వైలాని నోరు తెరవనివ్వనిది ఇవేవీ కావు. మాట్లాడ్డం మానేశాడే అని తల్లి చెప్పిన ఆ మధ్యాహ్నం, బర్చెల్ లోపల ఇంకా ఊపిరి ఉందేమో. ఒక్క ఫోను చేసి ఉంటే? ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే చచ్చిపోవడం ఖాయమని ఆమెకి అనిపించేది.

ఆఫీసులో మాత్రం ఆమె పెట్టిన సంతకాలన్నీ నిజాలే. కౌంటీ దగ్గర అలాంటి రికార్డు ఏదీ లేదు. నూటికి నూరుపాళ్ళూ నిజం. నిజం రాసి సంతకం పెట్టిన ప్రతిసారీ దొంగసాక్ష్యం చెప్పినట్టుండేది.

డెల్ఫా అన్నంతపనీ చేసింది. పై ఆఫీసు నుంచి జవాబు అడుగుతూ కౌంటీకి ఉత్తరం వచ్చింది. కౌంటీ వకీలు గ్రేడీ నోట్లో మిఠాయి చప్పరిస్తూ ట్వైలా బల్ల దగ్గరికి వచ్చి, టైపు చేయించిన కాగితం ఒకటి ముందు పెట్టాడు.

"ప్రమాణపత్రం. రేపు పొద్దున్నే సంతకం పెట్టి ఇచ్చెయ్యక్కా. ఈ దెబ్బతో ఆ ముసలావిడ గోల వదిలిపోతుంది."

ట్వైలా చదివింది. అన్నిచోట్లా వెతికాను, అలాంటి రికార్డు లేదు అని ఉంది. అది ఆమె ఎన్నిసార్లైనా రాయగలదు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. ఆ రోజు అలాంటి ఫోను ఎవరికైనా వెళ్ళినట్టు నా ఎరుకలో లేదని దేవుడి మీద ప్రమాణం చేస్తున్నాను.

"ఈ రెండోది ఎందుకు?"

"గట్టిగా ఉంటుందని."

"తీసేస్తే?"

"తీసేస్తే ఎందుకు తీశారని పైవాళ్ళు అడుగుతారు" అని గ్రేడీ నవ్వాడు. "ఏం అక్కా, నీ ఎరుకలో ఏమైనా ఉందా ఏమిటి?"

"లేదు" అనలేదు ట్వైలా. "ఉంది" అనీ అనలేదు. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. గ్రేడీ ఇంకో మిఠాయి నోట్లో వేసుకుని, మొన్న చేపలు పడ్డ కబురు చెప్పి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాటాక డెల్ఫా మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో కాగితం లేదు. విసనకర్ర ఒక్కటే ఉంది. ఆఫీసులో ఏసీ పాడై అందరూ ఉడికిపోతున్నారు. పన్నుల గుమాస్తా అప్పటికే కాఫీకి వెళ్ళిపోయాడు.

"కొత్త కాగితమేదీ పిన్నీ?"

"రాయడం అయిపోయింది. నాకు రాయడం వచ్చినన్ని రకాలుగా రాశాను." ఆమె గొంతులో ఎప్పటి పౌరుషం లేదు. అది విని ట్వైలాకి ఇంకా భయమేసింది. "పొద్దున ఆ ఫోను దగ్గర నిలబడ్డానే, ఆయన నిలబడ్డ చోట. రిసీవరు చేతిలోకి తీసుకున్నాను. ఆయన వేలు ఏ నంబరు తిప్పి ఉంటుందా అని చూశాను. 911 తిప్పి ఉండడే ట్వైలా. నలభై ఏళ్ళు కాపురం చేశాను. ఆ మొండి మనిషి ఒట్టు తప్పడు. మరి ఇంకెవరికి చేశాడు? ప్రాణం పోయేటప్పుడు మనిషి ఏ నంబరుకి చేస్తాడు?"

ట్వైలా కళ్ళు ఎత్తింది. ఎదురుగా విసనకర్ర ఊగుతోంది. ఒకవైపు గొర్రెపిల్లని ఎత్తుకున్న ఏసుప్రభువు. రెండోవైపు దుకాణం పేరు, దాని కింద రంగు వెలిసిపోయిన అంకెలు. ప్రభువు, అంకెలు, ప్రభువు, అంకెలు. చూడకూడదనుకుంది. చూపు మళ్ళించలేకపోయింది.

విసనకర్ర ఆగింది. డెల్ఫా ఆమె మొహంలోకి చూసింది, తర్వాత చేతిలో ఉన్న అట్ట వైపు చూసింది. దాన్ని చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. ఆమెకి అర్థమైందో, ఉక్కపోత భరించలేక వెళ్ళిందో ట్వైలాకి తెలియలేదు.

ఇంటికి చేరాక వంట మీద మనసు నిలవలేదు. తల్లికి బంగాళాదుంపలు వేయించి పెట్టింది. ప్రమాణపత్రం సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టి, కలం పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచింది. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కుంది. పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా ఫోను మోగింది.

ట్వైలా తిరిగేలోపే తల్లి అందుకుంది. ఆ ఫోను గుమ్మానికి ఒకవైపు గోడ మీద, తల్లి కుర్చీ ఇంకోవైపు. తీగ గుమ్మానికి అడ్డంగా బిగుసుకుని నిలబడింది. ట్వైలా సింకు పక్కన అలాగే ఉండిపోయింది.

"చెప్పు నాయనా, ఎవరికి బాగాలేదు?" అంది ఓర్లీనా. కాసేపు విని తలూపింది. "స్టిడమ్ లోయా? తెలుసు తల్లీ, తెలియకేం. వాగు దాటగానే ఎడంపక్క ఇల్లు. ఎవరికి, నీకేనా? ఎక్కడ నొప్పి?"

అవతలి మనిషి చాలాసేపు ఏదో చెప్పింది. ఓర్లీనా మొహం ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళినట్టు నిమ్మళంగా ఉంది.

"సరే. బండి బయలుదేరింది. ముందు వాకిట్లో లైటు వెయ్యి. కుక్కని కట్టెయ్యి, మా కుర్రాడికి కుక్కలంటే హడలు. తలుపు తీసి పెట్టు. నేను ఫోను పెట్టను, నువ్వూ పెట్టకు. వెళ్ళు, వెళ్ళి వెయ్యి, నేనిక్కడే ఉంటాను."

ట్వైలా రెండు చేతులతో సింకు అంచు పట్టుకుంది. ఫోను లాక్కుని పెట్టెయ్యాలనిపించింది. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. కాసేపటికి తల్లి రిసీవరు ఆమె వైపు చాచింది.

"ఎవరో అమ్మాయి ఏడుస్తోందే. నీతో మాట్లాడుతుందట. దారి చెబుతుందేమో, సరిగ్గా విను."

ట్వైలా తీసుకుంది. రిసీవరులో దూరంగా కుక్క అరుస్తోంది, మూసిన తలుపు వెనక నుంచి అరిచినట్టు.

"లైటు వేశాను" అంది డెల్ఫా. "కుక్కని కొట్టంలోకి తోలాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేశాను. ఆయనా ఇలాగే చేసుంటాడు కదే?"

"పిన్నీ..."

"ఆవిడకి మతి లేదని నాకు తెలుసు. ఆవిడనేం అననులే. నీకెప్పుడు తెలిసింది? అది చెప్పు."

మర్నాడు తెలిసిందని చెప్పవచ్చు. అదీ అబద్ధమేమీ కాదు. బర్చెల్ పోయాడని తెలిసింది మర్నాడే. ఆ మధ్యాహ్నపు మాటకి టేపు లేదు, సాక్షులు లేరు. విన్న మనిషి ఒక్కతే ఉంది, అది తను. ఏ కిటికీకి వెళ్ళి ఎన్ని రకాలుగా రాసిచ్చినా డెల్ఫాకి అది దొరకదు. ట్వైలా బల్ల మీది కాగితం వైపు చూసింది. తల్లి మజ్జిగ గ్లాసు దాని మీద పెట్టుకుంది.

"ఆ రోజే" అంది ట్వైలా. "మధ్యాహ్నమే. స్టిడమ్ లోయకి బండి పంపానే, ఆయన మాట్లాడ్డం మానేశాడే అని అమ్మ చెప్పింది. రోజూ అనే మాటేలే అనుకున్నాను. ఫోను తీసి పెట్టేశాను పిన్నీ. నా చేత్తో నేనే పెట్టేశాను. అమ్మకి రొట్టె పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయాను."

కుక్క అరుపు తప్ప ఏమీ వినపడలేదు.

"నీ కిటికీ ముందు నిలబడి అడిగానే" అంది డెల్ఫా చివరికి. "నువ్వు నా మొహంలోకి చూసి చట్టం చెప్పావు."

"చెప్పాను."

"రేపు పొద్దున వస్తాను. అందరూ వినేటట్టు మళ్ళీ అడుగుతాను. అప్పుడేం చెబుతావు?"

"ఇప్పుడు చెప్పిందే చెబుతాను."

"వస్తున్నారనుకుంటూ పోయాడు ఆయన" అంది డెల్ఫా. "ఒంటరిగా పోలేదు. ఎవరో ఒకరు ఆయనతో మాట్లాడారు. అది మంచిదో, ఇంతకంటే ఘోరం లేదో నాకు తెలియడం లేదే. మీ అమ్మకివ్వు. నీతో మాట్లాడలేను నేను."

ట్వైలా రిసీవరు తిరిగి ఇచ్చింది. ఓర్లీనా దాన్ని చెవికీ భుజానికీ మధ్య నొక్కుకుని, "ఉన్నాను తల్లీ, ఎక్కడికీ పోలేదు" అంది. అవతల ఏడుపు సాగుతోంది కాబోలు, ఓర్లీనా ఊఁ కొడుతూ, నడుమ నడుమ ఒక మాట చెబుతూ కూర్చుంది. బయట వెలుతురు తగ్గింది. కాసేపటికి ఆమె రిసీవరు మీద అరచెయ్యి పెట్టి కూతురి వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత కూతుర్ని గుర్తుపట్టినట్టే చూసింది.

"బండి ఇంకా రాలేదంటోందే ట్వైలా. ఎవరైనా వెళ్ళారా, లేదా?"

జవాబు చెప్పడానికి ట్వైలాకి ఏ చట్టమూ గుర్తురాలేదు.

"వెళ్తున్నానమ్మా" అంది. తాళాలు తీసుకుని, గుమ్మానికి అడ్డంగా ఉన్న తీగ కింద నుంచి వంగి బయటికి వచ్చింది. తలుపుకి పైగడియ పెట్టబోయి, చెయ్యి రాక అలాగే వదిలేసి, పక్కింటావిడని కేకేసి అమ్మని చూడమంది. ఎవరినీ ఎప్పుడూ అడగని సాయం అది. పక్కింటావిడ ఏమిటే, ఏమైందే అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

వాగు దాటగానే ఎడంపక్క లైటు కనిపించింది. దారి మొదట్లో బర్చెల్ బోర్డు పీకిన గుంట ఇంకా అలాగే ఉంది. కొట్టంలో కుక్క తలుపు గీరుతూ మొరుగుతోంది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. ట్వైలా కారు దిగి మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. పైకి ఎక్కడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

డెల్ఫా లోపల ఫోను కింద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, రిసీవరు చెవికి పెట్టుకుని. ట్వైలాని చూసి లేవలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. రిసీవరులోంచి ఓర్లీనా గొంతు మెట్ల దాకా సన్నగా వినిపించింది.

"వచ్చారా తల్లీ?"

డెల్ఫా ట్వైలా మొహంలోంచి కళ్ళు తిప్పకుండా, "వచ్చారమ్మా" అంది. "ఇప్పటికి వచ్చారు."